సగం ప్రమాణం

సెప్టెంబర్ 8, 2025, సోమవారం

వినాయకుడు నా ఫ్రీజర్‌ని ముంచేశాడు.

దేవుణ్ణి అనడం తప్పు. ముంచింది కన్నయ్య, మా ల్యాబ్ అటెండర్. కాలేజీ గేటు దగ్గర చవితి పందిరి వేశారు. సీరియల్ లైట్లకి కరెంటు కావాలి. దగ్గరలో ఉన్న ప్లగ్గు మాది. ఫ్రీజర్ వైరు పీకేసి, కిటికీలోంచి లైట్ల వైరు లాగాడు. నిమజ్జనం అయింది, లడ్డూ వేలం అయింది, డీజే కూడా అయింది. లైట్లు విప్పి పట్టుకుపోయారు. ఫ్రీజర్ వైరు మాత్రం నేల మీదే ఉంది. సెలవులయ్యాక ఈ రోజు తలుపు తీస్తే కుళ్ళు వాసన, కింద నీళ్ళ మడుగు.

ఏటమ్మా అంత కోపం, అందల తినే సరుకేటీ నేదు కదా, అన్నాడు కన్నయ్య. నిజమే. ఐస్‌క్రీమ్ ఉండి ఉంటే కంటికి రెప్పలా చూసుకునేవాడు.

అందులో ఉన్నది వి-17. మా ఊరి ఒడ్డున ఆడవాళ్ళు రొయ్యలు వలిచి డొల్లలు పారబోసే గుట్ట ఉంది. ఆ గుట్ట అడుగు మట్టిలోంచి నేను వేరు చేసిన బ్యాక్టీరియా అది. రొయ్య డొల్లని కరిగించి తింటుంది. కరిగించడానికి అది వదిలే ఎంజైమ్ కైటినేజ్. నా పీహెచ్‌డీ మొత్తం ఒకటే ప్రశ్న: ఏ పీహెచ్‌లో, ఎంత వేడిలో, ఏం తినిపిస్తే అది ఆ ఎంజైమ్ ఎక్కువ వదులుతుంది. మూడేళ్ళు దానికి వండి పెట్టాను. మా అమ్మకి మూడు రోజులు వండి పెట్టిన పాపాన పోలేదు.

మా గైడ్ గణపతిరావు గారు వచ్చి చూసి, పోనీలే వనజా, మీ ఊరి మట్టే కదా, వెళ్ళి మళ్ళీ తెచ్చుకో అన్నారు. కొత్తిమీర కట్ట తెచ్చుకో అన్నంత తేలిగ్గా.

డిసెంబర్ నెలాఖరుకి థీసిస్ ఇవ్వాలి. ఇదే ఆఖరి ఎక్స్‌టెన్షన్. ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అప్పుడు నేను టెక్కలిలో గది అద్దెకి తీసుకుని ఉంటున్న ఒక ముదురు పెళ్ళికాని పిల్లని, అంతే.

సెప్టెంబర్ 10

ఫ్రీజర్‌లో దాచిన వయల్స్‌లో ఒక్కటీ మొలవలేదు. ఫ్రిజ్‌లో ఒక పాత ప్లేటు మిగిలింది. దాన్ని ఎన్నిసార్లు మార్చి మార్చి పెంచానో, అది పని మరిచిపోయింది. బతికే ఉంది, ఎంజైమ్ మాత్రం వదలదు. ప్రభుత్వోద్యోగం వచ్చినవాడిలా.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఊరి నుంచి ఇప్పుడే తిరిగొచ్చాను. పడుకునేలోపే రాయాలి.

పలాసలో బస్సు దిగి, ఆటో పట్టుకుని ఊరు చేరేసరికి పది. సామాను భుజాన వేసుకుని సరాసరి గుట్ట దగ్గరికే వెళ్ళాను. ఆడవాళ్ళంతా రొయ్యలు ఆరబెడుతున్నారు. నేను వంగి తాపీ మట్టిలో గుచ్చానో లేదో, నలుగురు లేచి వచ్చారు. నన్ను ఎత్తుకుని పెంచినవాళ్ళే. మట్టి ముట్టకు, అన్నారు. నవ్వుతున్నారేమో అని మొహాల్లోకి చూశాను. నవ్వడం లేదు. అమ్మ, మా వరహాలమ్మ, అక్కడే కూర్చుని ఉంది. తల తిప్పుకుంది.

ఇంటికి వచ్చాక చెప్పింది. ఊళ్ళో కట్టుబాటు పెట్టారట. మట్టిగానీ, నీళ్ళుగానీ, రక్తంగానీ, ఉచ్చగానీ పరిశోధనకని అడిగే ఎవరికీ ఇవ్వకూడదు. ఇచ్చిన ఇంటివాణ్ణి ఏ పడవా ఎక్కించుకోదు. డప్పు కొట్టి మరీ చాటించారు. పెట్టింది ఊరి పెద్ద తిరుపతిరావు మావ. పక్కన కూర్చుని తలూపిన పెద్దల్లో మా అయ్య రామూర్తి ఒకడు.

ఎందుకంటే, పేపరు.

పోయిన నెల గణపతిరావు గారు విలేకరిని పిలిచి మా పని గురించి చెప్పారు. జిల్లా ఎడిషన్‌లో వచ్చింది. 'కిడ్నీ బాధిత ఉద్దానం మట్టిలో కొత్త బ్యాక్టీరియా.' సార్ ఫొటో, నా పేరు, మా ఊరి పేరు. పక్కన డయాలిసిస్ మంచం మీద ఎవరో ముసలాయన పాత ఫొటో. ఆ ఫొటోకీ నా రొయ్య డొల్లలకీ సంబంధం ఏమిటో ఆ పేపరువాడికే తెలియాలి. నేనేం చేశాను? మూడు కాపీలు కొన్నాను.

ఊళ్ళో ఎలా చదివారో ఈ రోజు తెలిసింది. మట్టిలో పురుగుందట, ఆ పురుగే కిడ్నీలు తింటున్నాదట, రామూర్తి కూతురే కనిపెట్టిందట. పలాస బజారులో అమ్మ గంప దించగానే ఏ ఊరి రొయ్యలని అడుగుతున్నారట. ఊరి పేరు చెబితే ముట్టుకున్న చెయ్యి చీరకి తుడుచుకుని పోతున్నారట. రెండు సంతలు గంప గంపలాగే తిరిగి తెచ్చింది. ఇప్పుడు భావనపాడు రొయ్యలని చెప్పి అమ్ముతోంది.

మన ఊరి పేరు దాసీసి అమ్ముకుంతన్నాను, ఏం దొంగతనం సేసినానే నాను, అంది. ఫోన్లో ఎందుకు చెప్పలేదని అరిచాను. నీ సదువు పాడయిపోద్దని, అంది.

తిట్టినా బాగుండేది.

సెప్టెంబర్ 15

గణపతిరావు గారి గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళాను. పేపరు బల్ల మీద పడేశాను. ఆ ఫొటో నాకు తెలియదమ్మా, వాళ్ళు వేసుకున్నారు అన్నారు. కిడ్నీ బాధిత అన్న మాట ఎవరిది సార్ అన్నాను. నాదే, అన్నారు. ఆ మాట లేకపోతే మన మెట్లెక్కి వచ్చే విలేకరి ఎవరమ్మా, ఆ మాట లేని ప్రాజెక్టుకి ఫండింగ్ ఎవరిస్తారు, అన్నారు.

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఆయనకి నందిగాంలో పొలాలున్నాయి, జీడితోటలున్నాయి, రాజకీయాల్లో తమ్ముడున్నాడు. నందిగాం మట్టిలో బ్యాక్టీరియా అని వేయించుకోమనండి చూద్దాం. వాళ్ళ వడ్లు ఏ ఊరివని ఎవరైనా అడుగుతారేమో చూద్దాం.

ఆ మాట పైకే అనేశాను. ఆయన మొహం ఎర్రబడింది. మట్టి తెచ్చుకునే సంగతి చూడు, అని ఫైలు తెరిచారు.

సెప్టెంబర్ 28, ఆదివారం

కోపం మీదే పని చేస్తున్నాను. వేరే మట్టి ఎక్కడ దొరికితే అక్కడ తవ్వాను. భావనపాడు ఒడ్డు. సుమ్మాదేవి స్టేషన్ పక్కన చేపల బుట్టలు దించే చోటు. పలాసలో జీడి పిక్కల బొగ్గు పోసే దిబ్బ కూడా వదల్లేదు, అక్కడ రొయ్యతో పనేమిటని నన్ను నేనే తిట్టుకుంటూ.

కైటిన్ కలిపిన ప్లేటు పాలలా తెల్లగా ఉంటుంది. ఎంజైమ్ వదిలే బ్యాక్టీరియా ఉంటే దాని చుట్టూ తెలుపు కరిగి అద్దంలా గుండ్రం వస్తుంది. దాన్ని జోన్ అంటాం. వి-17 చుట్టూ వచ్చే జోన్‌లో రూపాయి బిళ్ళ పట్టేది. వీటికి ఆవగింజ పట్టదు.

బ్యాక్టీరియా దాచి అమ్మే కల్చర్ బ్యాంక్ నుంచి తెప్పిద్దామా అన్నారు సార్. తెప్పించి ఏం రాయాలి? థీసిస్ పేరులోనే ఉద్దానం తీరం ఉంది.

అక్టోబర్ 7

ప్లేట్లన్నీ తెల్లగా ఉన్నాయి. ఎవరితోనూ మాట్లాడను.

అక్టోబర్ 19, ఆదివారం

అయ్య టెక్కలి వచ్చాడు. నా గదికి రావడం ఇదే మొదటిసారి. కుర్చీ ఉన్నా గుమ్మంలోనే కూర్చున్నాడు. కాళ్ళు కొంచెం వాచాయి. అయ్యకి రెండేళ్ళ నుంచి క్రియాటినిన్ నెమ్మదిగా పెరుగుతోంది. మందులు వేసుకుంటూ, మూడు నెలలకోసారి పలాస వెళ్ళి రక్తం ఇచ్చి వస్తాడు. వేట మాత్రం మానడు.

వచ్చిన సంగతి చెప్పాడు. తిరుపతిరావు మావ ఒక దారి చూపించాడట. నేను ఒడ్డున నిలబడి, తడి ఇసుక పిడికిట పట్టి, గంగమ్మ పేరున ఊరందరి ముందూ ప్రమాణం చెయ్యాలి. మన మట్టిలో ఏ జబ్బూ లేదని. చేస్తే కట్టుబాటు ఎత్తేస్తారు. కావలసినంత మట్టి పట్టుకుపోవచ్చు. మా ఊళ్ళో వల దొంగతనమైనా, పడవ తగాదా అయినా అలాగే తేలుస్తారు. పిడికిట్లో ఇసుకతో అబద్ధమాడినవాణ్ణి సముద్రం ఉంచదని నమ్మకం.

నా బ్యాక్టీరియా ఎవరికీ హాని చెయ్యదని ఎన్నిసార్లయినా చెబుతానన్నాను. అది నేను చూశాను, నాకు తెలుసు. కానీ మట్టిలో ఏ జబ్బూ లేదని ఎలా చెప్పను? జబ్బు మట్టి నుంచో, నీళ్ళ నుంచో, ఎండ నుంచో, తిండి నుంచో నాకు తెలియదు. పెద్ద పెద్ద వాళ్ళే తేల్చలేదు. తెలియదు అన్నదే నిజం.

తెలీదని పెమాణం సేత్తారేటే ఎవులైనా, అన్నాడు అయ్య.

మరి నీ కిడ్నీకి ఏమైంది, అది ఎక్కడి నుంచి వచ్చింది అని అరిచాను. నాది నా రాత, అన్నాడు. ఊరికి రాత అంటగట్టకు, అన్నాడు.

చేయనన్నాను. టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 20

దీపావళి. టెక్కలంతా టపాసులు. కిటికీ మూసుకుని పడుకున్నాను.

అక్టోబర్ 25, ఉదయం 6

తుఫాను అంటున్నారు. రెండు మూడు రోజుల్లో. పడవలు పైకి లాగేశారట. ఒడ్డు కోసుకుపోతే గుట్ట ఉంటుందా? కింది మట్టి ఉంటుందా? వి-17 ఇంకెక్కడా లేదని నెల రోజులు తవ్వి చూశాను కదా.

అమ్మ ఫోను చేసింది. సేసీవే పెమాణం, నీదేటి పోయింది, అంది. నా గంపకి ఊరి పేరు నాకిచ్చీ, అంది.

అందరికీ నా నోటి మాట కావాలి. నాకు తెలియనిది తెలుసని చెప్పే మాట. సార్‌కి పేపర్లో కావాలి, మావకి ఒడ్డున కావాలి. తెలియదు అనే నోరు ఎవరికీ అక్కర్లేదు.

అక్టోబర్ 26, ఆదివారం

చేశాను.

గాలి అప్పటికే మొదలైంది. ఒడ్డున ఊరంతా నిలబడింది. నా చేత స్నానం చేయించి, పసుపు రాసి, అల తాకే చోట నిలబెట్టారు. పీహెచ్‌డీ స్కాలర్ వనజ. తిరుపతిరావు మావ వంగి తడి ఇసుక తీసి నా కుడి పిడికిట్లో పెట్టాడు.

నా ప్రయత్నం నేను చేశాను. ఈ మట్టిలో నేను కనిపెట్టిన జీవి వల్ల ఏ మనిషికీ ఏ జబ్బూ రాదు అని గట్టిగా, అందరికీ వినిపించేలా చెప్పాను. అందులో అక్షరం అబద్ధం లేదు. రాత్రంతా కూర్చుకున్న వాక్యం. కర్ర విరగకూడదు, పాము చావాలి.

మావ తల అడ్డంగా ఊపాడు. అది సగం పెమాణం, అన్నాడు. సగం పడవెక్కి సముద్రంలోకి ఎల్తామేటమ్మా, అన్నాడు. నాను సెప్పింది సెప్పు. మన మట్టిల, మన నీళ్ళల ఏ జబ్బూ నేదు.

నీళ్ళు అన్న మాట అయ్య తెచ్చిన కబురులో లేదు. అక్కడే కలిపాడు. నేను విన్నాను. విననట్టు నటించలేను, ఇది నా డైరీ. అయ్య వైపు చూశాను. అయ్య కళ్ళలో ఎంత ఆశ ఉందంటే, నాకు అసహ్యం వేసింది. ఆయన మీదా, నా మీదా. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇసుక వేళ్ళ మధ్య నుంచి కారిపోతోంది. తొందరగా సెప్పు, కారిపోతే పనికిరాదు అని ఎవరో వెనక నుంచి అరిచారు.

మన మట్టిలో, మన నీళ్ళలో ఏ జబ్బూ లేదు.

ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ ఉలూలు పెట్టారు. అమ్మ ఏడ్చింది. అయిదు నిమిషాల్లో గుట్ట నాదయింది. నన్ను మట్టి తవ్వనివ్వలేదు, వాళ్ళే తవ్వి, వాళ్ళే కవర్లలో నింపి ఇచ్చారు. ఆటో దాకా మోసుకొచ్చారు.

నవంబర్ 4, మంగళవారం

జోన్ వచ్చింది.

రూపాయి బిళ్ళ కంటే పెద్దది. ప్లేటు వెలుతురుకి పట్టుకుంటే ఆ గుండ్రంలోంచి కిటికీ చువ్వలు కనిపించాయి. అదే. సరిగ్గా వి-17 కాకపోయినా, దాని అక్కో చెల్లో. పరుగెత్తుకెళ్ళి కన్నయ్యకి చూపించాను. వేరే ఎవరూ లేరు మరి. బాగుంది తల్లీ, ఏటది, అన్నాడు. మూడు చోట్ల స్టాక్ పెట్టాను. ఫ్రీజర్ ప్లగ్గు మీద టేపు చుట్టాను. ప్లగ్గు పీకితే చెయ్యి విరగ్గొడతానని కన్నయ్యకి నవ్వుతూనే చెప్పాను. నవ్వలేదు పాపం.

సంతోషంగా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది.

నవంబర్ 22

రోజూ పదహారు గంటలు ల్యాబ్‌లోనే. పీహెచ్ ఎనిమిది దగ్గర బాగా ఇస్తోంది. వేడి ముప్పై ఏడు. కొన్న కైటిన్ కంటే మా ఊరి రొయ్య డొల్లల పొడి పెడితేనే ఎక్కువ వదులుతోంది. కొంచెం సముద్రపు ఉప్పు తగిలిస్తే ఇంకా ఎక్కువ. పుట్టింటి తిండి కావాలట మహారాణికి. పాత వి-17 కంటే రెండింతలు దాటింది.

గణపతిరావు గారు గ్రాఫ్ చూసి చప్పట్లు కొట్టారు. మళ్ళీ విలేకరిని పిలుద్దామా అన్నారు. పిలిస్తే నేను ఆ మెట్ల మీదే కూర్చుంటాను సార్, ఒక్కణ్ణీ ఎక్కనివ్వను అన్నాను. దండం పెట్టి వెళ్ళిపోయారు.

నవంబర్ 30, ఆదివారం

థీసిస్ చివరి చాప్టర్ అయిపోయిందని అమ్మకి చీర కొని ఊరు వెళ్ళాను. నన్ను చూడగానే వీధి వీధంతా పలకరింపే. మన వనజ, మన వనజ. ఇంట్లోకి వెళ్ళి మంచినీళ్ళు అడిగాను. అమ్మ నూతి నీళ్ళు ముంచి ఇచ్చింది.

ఫిల్టర్ నీళ్ళ టిన్ను ఏదీ అన్నాను. కిడ్నీ జబ్బు భయానికి ఏళ్ళ తరబడి మా ఊళ్ళో తాగేది ఆ టిన్ను నీళ్ళే. ప్లాంటు దగ్గర వరసలో నిలబడి తెచ్చుకుంటారు.

ఇంకేటికే అది, అంది అమ్మ. నువ్వు ఇసక పట్టి సెప్పినావు కదా, మన నీళ్ళల ఏటీ నేదని. ఊరు ఊరంతా నూతికే ఎల్తన్నాది. ఆ టిన్ను నీళ్ళు చప్పన, దాని జిమ్మడ. ప్లాంటోడు తాళం ఏసుకుని కూకున్నాడు.

అమ్మ గర్వంగా చెప్పింది.

అయ్య? అయ్య కూడా అవే తాగుతున్నాడు. అదొక్కటే కాదు. ఈ నెల పలాస వెళ్ళి రక్తం ఇవ్వాలి. వెళ్ళలేదు. మందులు గూట్లో అలాగే ఉన్నాయి, పట్టీలు విప్పకుండా. అడిగితే, జబ్బే నేకపోతే మందేటికి అన్నాడు. నా రాత అన్నావు కదా అన్నాను. రాత కాదట. ఇన్నాళ్ళూ డాక్టర్లే భయపెట్టారట. కూతురు సదువుకుంది, కూతురు సెప్పింది.

ఒట్టు వెయ్యడం వేరు, సైన్సు వేరు అని అరిచాను. తుఫానుకి గుట్ట కూడా కదలనేదు, గంగమ్మ నీ మాట ఒప్పుకుంది, ఇంకేటి కావాలే, అన్నాడు అయ్య. చీర అమ్మ మీదికి విసిరేసి బయటికి వచ్చేశాను. ఎవరి మీద కోపమో ఇప్పుడు రాయక్కర్లేదు.

డిసెంబర్ 7, ఆదివారం

పెద్దల్ని కూర్చోబెట్టాను. ఈసారి పసుపు లేదు, స్నానం లేదు. అబద్ధం చెప్పాను అన్నాను. మట్టి కోసం చెప్పాను. నీళ్ళలో ఉందో లేదో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు, తెలిసేదాకా టిన్ను నీళ్ళే తాగండి, రక్తం పరీక్షలు మానకండి, కావాలంటే నన్ను వెలి వెయ్యండి అన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాను.

ఎవరికీ కోపం రాలేదు. అదే భరించలేకపోయాను. జాలిగా చూశారు. ఆ టెక్కలి మేస్టారు బెదిరించినాడేటమ్మా, అన్నాడు తిరుపతిరావు మావ. మళ్ళీ మన ఊరిని కిడ్నీ ఊరు సేద్దారని సూత్తన్నాడేటి. నేనే చెబుతున్నాను మావా అన్నాను. ఆ రోజు నీకు సముద్రం సాచ్చి, ఈ రోజు నీకెవులు సాచ్చి, అన్నాడు. అబద్దమాడితే అమ్మోరు నిన్ను ఉంచునా, అన్నాడు. అందరూ అవునన్నారు. నేను బతికి ఉండడమే వాళ్ళకి రుజువు.

సగం నిజం చెప్పిన రోజు సగమని పట్టుకున్నారు. మొత్తం నిజం చెబితే వినిపించుకోరు. గొంతు పోయేలా అరిచాను. ఆడవాళ్ళు వచ్చి నన్ను లేవదీసి, మొహం కడిగి, ఇంటికి పంపారు.

డిసెంబర్ 14, ఆదివారం

థీసిస్ ఇచ్చేశాను. ఊళ్ళోనే ఉన్నాను.

అయ్య వేట నుంచి వచ్చాడు. నూతి నీళ్ళు ముంచుకున్నాడు. గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాను. నెమ్మదిగా నా చెయ్యి తీసి పక్కన పెట్టి, తాగాడు. ఇంకో గ్లాసు ముంచి నాకు అందించాడు. ఏటే, నీ మాట మీద నీకే నమ్మకం నేదా, అన్నాడు.

తాగాను. తియ్యగా ఉన్నాయి.